గడువు పెంచాలా, సెషన్లను రెడిస్‌లోకి మార్చాలా?

పెన్నాతీరం (నెల్లూరు):
మేం రొయ్యల రైతుల కోసం మేత ఆర్డర్ల సైటు నడుపుతున్నాం. వచ్చినవాళ్లను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ హెచ్ఏప్రాక్సీ, దాని వెనుక సైటును నడిపే రెండు టామ్‌క్యాట్ సర్వర్లు. మొన్న ఇందుకూరుపేట వైపు రైతు ఒకాయన చెరువు గట్టు మీద నిలబడి ఫోనులో ఆర్డర్ సగం నింపారు. చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసొచ్చి బస్తాల సంఖ్య రాద్దామని వెళ్లారు. ఇరవై నిమిషాలకు తిరిగొచ్చి బటన్ నొక్కితే లాగిన్ పేజీ. నింపినదంతా పోయింది. ఇలా ఒక్కోసారి జరుగుతోంది, ఒక్కోసారి జరగడం లేదు. సెషన్ (లాగిన్ అయినవాళ్ల గురించి సర్వర్ గుర్తుంచుకునే వివరాలు) గడువు టామ్‌క్యాట్‌లో మొదటి నుంచీ ఉండే 30 నిమిషాలే. దాన్ని రెండు గంటలు చేస్తే చాలని నేనంటున్నాను. సెషన్లను రెండు సర్వర్లూ చూడగలిగే ఉమ్మడి నిల్వ రెడిస్‌లోకి మార్చాల్సిందేనని మా వాళ్లు పట్టుబడుతున్నారు.

ఒంగోలు_సర్వర్:
గడువు పెంచినా మీ సమస్య తీరదండీ. 30 నిమిషాల సెషన్ 20 నిమిషాలకే కనిపించలేదంటే అది పోలేదు, పక్క సర్వర్‌లో భద్రంగా ఉంది. రైతును అక్కడికి పంపాల్సిన లోడ్ బ్యాలెన్సర్ దారి మరిచిపోయింది. ఒక్కోసారి అన్నారే, ఆచూకీ అక్కడే ఉంది. ఉన్నవి రెండే సర్వర్లు కాబట్టి గుర్తు చెరిగిపోయాక కూడా సుమారు సగం సార్లు పాత సర్వరే తగులుతుంది. ఎవరిని ఏ సర్వర్‌కు పంపిందో బ్యాలెన్సర్ గుర్తుంచుకునే స్టిక్ టేబుల్ గడువు మీ దగ్గర ఎంత? మనిషిని దేన్నిబట్టి గుర్తుపడుతున్నారు?

పెన్నాతీరం:
ఐపీ చిరునామాను బట్టి. గడువు 10 నిమిషాలు. ఎవరో ఎప్పుడో పెట్టింది, ఇన్నాళ్లూ నేను చూడనే లేదు.

ఒంగోలు_సర్వర్:
అదే కారణం. బ్యాలెన్సర్ జ్ఞాపకం సెషన్ కంటే ముందు చెరిగిపోకూడదు. 35 నిమిషాలు చేసినా కొంత నయం. కానీ ఐపీని నమ్ముకోవద్దు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఎన్నో ఫోన్లు ఒకే ఐపీ వెనుక ఉంటాయి, వాళ్లందరూ ఒకే సర్వర్ నెత్తిన పడతారు. అదే రైతు గట్టు దిగి ఇంటికెళ్లి వైఫై అందుకోగానే ఐపీ మారిపోతుంది, అప్పుడు ఎంత గడువు పెట్టినా వృథా. హెచ్ఏప్రాక్సీ చేతనే కుకీ పెట్టించండి. ఏ సర్వర్‌కు వెళ్లాలో బ్రౌజరే గుర్తు తెస్తుంది, టేబుల్‌తో పని లేదు. రెండు సర్వర్ల సైటుకు రెడిస్ అంటే, చెడిపోవడానికి ఇంకొక యంత్రాన్ని తెచ్చుకోవడమే.

కావలి_కోడ్:
రోగం సరిగ్గా పట్టుకున్నారు, మందు దగ్గరే నా పేచీ. కుకీ ఉన్నా సెషన్ ఆ ఒక్క సర్వర్ మెమరీలోనే ఉంటుంది కదా. కొత్త వెర్షన్ పెట్టే రోజున సర్వర్‌ను డ్రెయిన్‌లో (కొత్తవాళ్లను పంపకుండా) ఉంచి, పాత సెషన్లన్నీ ముగిసేదాకా కాచుకోవాలి. గడువు రెండు గంటలైతే ఆ కాపలా కూడా అంతకు తగ్గదు. సర్వర్ దానంతటదే కూలితే అందరూ ఒక్కసారిగా లాగిన్ పేజీకి వస్తారు. అర్ధరాత్రి అలాంటి ఫోన్లు ఎత్తినవాణ్ణి నేను.

రెండు గంటలు మాత్రం వద్దు. ముప్పు తక్కువున్న సైట్లకు 15 నుంచి 30 నిమిషాలు, విలువైన ఖాతాలకు 2 నుంచి 5 నిమిషాలు మామూలని వెబ్ భద్రత సంస్థ ఓవాస్ప్ మార్గదర్శకం చెబుతుంది. గట్టు మీద ఆ ఫోను పది చేతులు మారుతుంది, అందులో రైతు బాకీ వివరాలుంటాయి. అసలు సగం నింపిన ఆర్డర్ సెషన్‌లో ఎందుకుండాలి? ఒక్కో గడి నింపగానే డేటాబేస్‌లో చిత్తుప్రతిగా దాచేయండి.

ఒంగోలు_సర్వర్:
చిత్తుప్రతి మాట బంగారం, ఒప్పుకుంటున్నాను. అయితే సర్వర్ కూలినా ఇక పోయేది లాగిన్ ఒక్కటే కదా, దానికి రెడిస్ దేనికి?

కావలి_కోడ్:
ఆ లాగిన్‌కు ఓటీపీ రావాలి. సిగ్నల్ అందని చెరువు దగ్గర ఓటీపీ కోసం ఫోను పైకెత్తి నిలబడే మనిషికి అది చిన్న విషయం కాదు.

పెన్నాతీరం:
మా దగ్గర ఓటీపీయే. ఈ రాత్రి ఆర్డర్లు ఆగాక కుకీకి మారుస్తాను, గడువు 30 దగ్గరే ఉంచుతాను. చిత్తుప్రతి పని రేపు మొదలు. రెడిస్ సంగతి, ఒక సర్వర్‌ను కావాలని ఆపి ఎంతమందికి మళ్లీ లాగిన్ అడుగుతుందో లెక్క చూశాక ఇక్కడే రాస్తాను.