అట్లాంటిక్ జెయింట్ గుమ్మడి గింజ అంచులు గీకి నాటాలా, వద్దా?

పెరటిపాదు (మిన్నెసోటా):
ఈ ఏడు మొదటిసారి అట్లాంటిక్ జెయింట్ అనే భారీ కాయల గుమ్మడి వేస్తున్నాను. ఇక్కడ పోటీలకు పెంచే పెద్దాయన ఒకరు రెండంటే రెండు గింజలిచ్చారు. అంచులు గీకి, నానబెట్టి, ఇంట్లోనే కుండీలో మొలిపించమన్నారు. బాపట్ల నుంచి వచ్చిన మా అత్తగారేమో గుమ్మడి గింజని గీకడమేంటి, మట్టిలో గుచ్చితే అదే వస్తుంది అంటున్నారు. ఎవరి మాట వినను?

నల్లరేగడి (విస్కాన్సిన్):
గీకాలి. ఈ గింజ పెంకు మందం. నీరు తొందరగా లోపలికి పోవడానికి రెండు పక్కల అంచులు మాత్రం ఉప్పు కాగితంతో పైపైన రుద్దాలి. మొన జోలికి పోవద్దు, వేరు వచ్చేది అక్కడే. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు గంటలు నానబెట్టి, 4 అంగుళాల కుండీలో మొన కిందికి ఉండేలా అంగుళం లోతున పెట్టండి. హీట్ మ్యాట్ (కుండీ కింద పరిచే కరెంటు వేడి చాప) మీద మట్టి 29–32 డిగ్రీల సెల్సియస్ ఉంటే నాలుగైదు రోజుల్లో లేస్తుంది. మీ దగ్గర మే సగం దాకా ఫ్రాస్ట్ భయం, రాత్రి మంచు గడ్డకట్టి మొక్క మాడిపోతుంది. నేల వెచ్చబడేదాకా కూర్చుంటే కాయ ఊరడానికి రోజులు మిగలవు. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే గుమ్మడి పోటీలో 2,749 పౌండ్లు తూగిన కాయ మీ మిన్నెసోటాలోనే పండింది.

గోంగూరమడి (ఒహాయో):
గీకొద్దు. నిరుడు ఇలాంటి సలహానే నమ్మి గీకాను. ఆరో రోజు మట్టి తీసి చూస్తే గింజ మెత్తబడి, నొక్కితే పుల్లటి వాసన నీళ్లు కారాయి. అసలు గుమ్మడికి వేరు కదిలితే పడదు. మే చివర్లో పాదులో నేరుగా గుచ్చేస్తే ఏ గొడవా ఉండదు.

బెండమొక్క (డాలస్):
నేను గీకలేదు, ఏడో రోజు వచ్చాయి.

నల్లరేగడి:
గోంగూరమడి గారూ, అది గీకినందుకు కుళ్లలేదు, నీళ్లెక్కువై కుళ్లింది. పైమట్టి వేలికి పొడిగా తగిలితే తప్ప పోయకూడదు. మొలక వచ్చాక కూడా అంతే. తడి ఎక్కువైతే నారుకుళ్లు పట్టి కాడ మొదట్లో దారంలా సన్నబడి పడిపోతుంది.

గోంగూరమడి:
నేనెన్ని నీళ్లు పోశానో మీరు చూశారా? మా నాన్న ఒంగోలు పక్క పల్లెలో పెంటదిబ్బ పక్కన గుచ్చి వదిలేసేవారు. ఉప్పు కాగితం ఎప్పుడూ చూడలేదు. బండెడు కాయలు దించేవారు.

నల్లరేగడి:
ఒంగోలు నేలా, ఏప్రిల్లో విస్కాన్సిన్ నేలా ఒకటేనా? ఆ గింజ, ఈ గింజ కూడా ఒకటి కాదు. కెనడాలో నోవా స్కోషియాలోని విండ్సర్‌లో హోవర్డ్ డిల్ ఏళ్ల తరబడి పెద్ద కాయల గింజ ఏరి నిలబెట్టిన రకం ఇది. పోటీ గింజ మీద తల్లికాయ బరువు, పెంచినవారి ఇంటిపేరు, ఏడాది రాసి ఉంటాయి. వేరు కదలడం అంటారా, బీజదళాల తర్వాత వచ్చే మొదటి అసలు ఆకు విప్పుకోగానే, పది పద్నాలుగు రోజుల్లోపు మట్టిగడ్డ చెదరకుండా దించితే దానికి తెలియను కూడా తెలియదు. ఇవన్నీ పట్టించుకోని వాళ్ల చేతికి ఇలాంటి గింజ ఇస్తే కుళ్లక ఏమవుతుంది?

మునగచెట్టు (న్యూజెర్సీ):
అడిగింది గీకాలా వద్దా అని కదండీ. కాస్త నెమ్మదిగా.

గోంగూరమడి:
లేదు, ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఆ గింజ ఇచ్చింది మీరే. నిరుడు ఉగాదికి గింజలు పంచుకున్నప్పుడు ఒక్కటి చేతిలో పెట్టారు. కుళ్లిందని చెబితే "చేతకాని వాళ్లకిచ్చి పాడు చేసుకున్నా" అని గ్రూపులో రాశారు. ఆ కుండీ మీద మా వాడు పేరు రాసుకున్నాడు. తొమ్మిదేళ్లు. రోజూ బడి నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా దాని దగ్గరికే పోయేవాడు. మీరు రాసింది వాడు నా ఫోన్లో చదివాడు. నాకు గీకడం గురించి కాదండీ బాధ.

నల్లరేగడి:
బాబు చదివాడని నాకు తెలియదు. అలా రాసి ఉండకూడదు, తప్పు నాదే. కానీ ఆ ఏడు నా దగ్గర ఉన్నవి మూడే గింజలు. వాటి కోసం రెండేళ్లు ఒకరిని అడిగి అడిగి తెచ్చుకున్నాను. మొదటిసారి వేసేవాళ్లు కొట్లో దొరికే ప్యాకెట్ గింజతో నేర్చుకోవాలనే నేను ఇప్పటికీ అంటాను.

గోంగూరమడి:
ఆ మాట చేతిలో పెట్టేముందు చెప్పాలి. మా ఊళ్లో గింజ ఇచ్చాక లెక్క అడగరు. పోతే మళ్లీ ఇస్తారు. ఒకరి దగ్గర పోయినా ఇంకొకరి దగ్గర ఉంటుందనే కదా పంచుకునేది.

నల్లరేగడి:
కూర గుమ్మడికైతే ఆ మాట నిజం. దీనికి ఒప్పుకోను.

పెరటిపాదు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఒక గింజ గీకాను, ఒకటి గీకలేదు. ఈ రోజు ఐదో రోజు. గీకింది లేచింది కానీ పెంకు టోపీలా బీజదళాల కొసన బిగుసుకుపోయింది. ఆకులు విప్పుకోలేక కాడ వంగిపోతోంది. లాగేయనా?

నల్లరేగడి:
లాగొద్దు! బీజదళాలు చిరిగితే మొలక వెనకబడుతుంది. దూది తడిపి పెంకు చుట్టూ అరగంట ఉంచండి. నానాక రెండు వేళ్లతో పక్కల నుంచి మెల్లగా నొక్కితే నోరు తెరుస్తుంది. విప్పుకోగానే లైటు దగ్గరికి దించండి, లేకపోతే కాడ సాగిపోతుంది.

గోంగూరమడి:
మొదటి అసలు ఆకు ఏ వైపు వస్తుందో కూడా చూసుకో అమ్మా. తీగ దానికి ఎదురు దిక్కుకి పాకుతుంది. పాదులో దించేటప్పుడు స్థలం ఉన్న వైపుకి ఆకు వీపు పెట్టాలి. బయట పెట్టే ముందు రోజూ కాసేపు ఎండకీ గాలికీ అలవాటు చెయ్.

పెరటిపాదు:
దూది రెండుసార్లు తడపాల్సి వచ్చింది, పెంకు ఊడింది. ఒక ఆకు అంచున చిన్న నొక్కు పడింది, అంతే. గీకని గింజ ఇంకా మట్టిలోనే ఉంది. తవ్వి చూడలేదు.