పెట్రోలు పెరిగితే సైకిల్ రేటు కూడా పెరుగుతుందా?

ఇకపై ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్దామనుకుంటున్నాను. ఇప్పుడే కొనాలా, కొన్నాళ్లు ఆగాలా అన్నదే టెన్షన్. ఇంధనం ఇలాగే పెరుగుతూ పోతే సైకిళ్ల రేట్లూ పెరుగుతాయా?

నాకు అర్థమైనంతలో, టైర్లలో వాడే సింథటిక్ రబ్బరు, కార్బన్ బ్లాక్ (రబ్బరుని గట్టిపరిచే నల్లటి పొడి) రెండింటికీ మూలం ముడిచమురే. కిలో అల్యూమినియం తీయడానికి దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి, కాబట్టి బొగ్గు, గ్యాస్ ధరలు అల్యూమినియం ఫ్రేము ఖర్చులోకీ వస్తాయి. పైగా సైకిల్ పెట్టె బరువు తక్కువైనా చోటు ఎక్కువ పడుతుంది. ఓడ కిరాయి పెరిగితే ఆ భారం గట్టిగానే ఉంటుంది. నన్ను ఎక్కువ భయపెడుతున్నది మాత్రం గిరాకీ. 1973 చమురు సంక్షోభం సమయంలో అమెరికాలో కార్ల కంటే సైకిళ్లే ఎక్కువ అమ్ముడయ్యాయి. 2020లో కరోనా వల్ల అందరూ సైకిళ్ల మీద పడ్డప్పుడు విడిభాగాలు దొరకడానికే నెలలు పట్టింది.

సైకిళ్ల అమ్మకంలోనో తయారీలోనో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. చమురు పెరిగాక ఆ ప్రభావం షాపు రేటు మీద కనపడటానికి ఎంత కాలం పడుతుంది? స్టీల్ ఫ్రేము అయితే పెరుగుదల తక్కువ ఉంటుందా? సెకండ్ హ్యాండ్ రేట్లు అంతకంటే ముందే పెరుగుతాయా? టైర్లు, ట్యూబులు ఇప్పుడే కొని పెట్టుకుంటే రబ్బరు పాడవకుండా ఉంటుందా?