సమస్య: చచ్చి బడికి వచ్చెఁ జదువుకొనఁగ

నిర్వాహకుడు: ఆదివారం మనవలతో కూర్చుని, టీవీ కోసమే తీసిన దయ్యాల హాస్యం ఒకటి చూశాను. పాత బడి నిండా దయ్యాలు. పిల్లలకు బెదురు లేదు, హెడ్మాస్టరుకే చెమటలు. హాజరు పిలిచినప్పుడల్లా చివరి ఖాళీ బెంచీలోంచి ‘ప్రెజెంట్ సార్’ అని వినిపిస్తుంది. అక్కడ తట్టింది ఈ పాదం. ఇదే చివరి పాదంగా, అర్థం కుదిరేలా పద్యం పూరించండి. కల అని చెప్పి తప్పించుకోకండి. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

గోదారిగట్టు: అనడం లేదంటూనే అనేశారు. బోణీ నాది:

పదవ తరగతందుఁ బలుమారు తప్పిన
మొద్దు దయ్య మొకటి మురిసి మురిసి
చాకుపీసు ముక్క సంచిలోఁ బెట్టుక
చచ్చి బడికి వచ్చెఁ జదువుకొనఁగ

సీమశాస్త్రి: చాకుపీసుకు సంచితో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పొత్తు కుదిరే అక్షరం) వేయడం భేషుగ్గా ఉంది. కానీ ‘తరగతందు’ ఏం సంధి స్వామీ? తరగతియందు అనాలి, అంటే గణం (ఛందస్సులో అక్షరాల లెక్క) పోతుంది. ‘పదినిఁ దప్పి తప్పి పలుమారు విసిగిన’ అనండి, రెండూ నిలుస్తాయి. ఇంకో సందేహం. దయ్యం అన్నాక మళ్ళీ చావడమేమిటి? ‘మొద్దు కుఱ్ఱఁ డొకఁడు’ అంటే ఆ గొడవ ఉండదు.

గోదారిగట్టు: సంధి ఒప్పుకున్నాను. దయ్యాన్ని మాత్రం మార్చను. ‘పిల్లికూనఁ జూచి బెదరెఁ బులియు’ అని సమస్య ఇచ్చిన వారం సర్కసు పులిని తెచ్చి, చివరికి దాన్ని కలలో పడుకోబెట్టినవారా నాకు తర్కం చెప్పేది?

సీమశాస్త్రి: ఆ కల నాది కాదు, పులిది. పద్యం మళ్ళీ చదవండి.

పంతులమ్మ: మీ పులులు సర్దుకునేలోగా నాది. ఇందులో దయ్యం లేదు, చావు మాత్రం ఉంది.

వేలిముద్ర వేసి విసిగిన తాతయ్య
మనుమరాలి వెంట మాపు వేళఁ
బలకఁ జేతఁ బట్టి పరుగునఁ దన సిగ్గు
చచ్చి బడికి వచ్చెఁ జదువుకొనఁగ

కంచుకాగడా: సిగ్గు చచ్చి! అమ్మా, నమస్కారం. మూడో పాదం చివరి మాట దాకా తాతయ్యకేమైందో అని టెన్షన్ పెట్టారు. 1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లా రాత్రి బళ్ళు గుర్తొచ్చాయి. దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు దిద్దుకుంటూనే కదా సారా మీద తిరగబడ్డారు! సిగ్గే కాదు, భయమూ చచ్చింది అక్కడ.

సీమశాస్త్రి: బాగుంది. అయితే దయ్యాన్ని వదిలేస్తే నిర్వాహకులవారి ముచ్చట తీరదు. అందుకని:

బ్రహ్మరాక్షసుండు పాఠమ్ము చెప్పెడి
చెట్టె బడిగ నెంచి శిష్యుఁడైన
చంద్రశర్మ తాను సరిరాత్రి నాఁకలి
చచ్చి బడికి వచ్చెఁ జదువుకొనఁగ

పంతులమ్మ: నా తాతయ్య సిగ్గు చచ్చిన గంటకే మీ చంద్రశర్మ ఆకలి చచ్చిందే! పోనీండి, చావులకు కాపీరైటు లేదు. ‘తాను’ ఏం చేస్తోందక్కడ? ఖాళీ బెంచీ నింపడానికేనా? ‘చంద్రశర్మ యెక్కి’ అంటే చెట్టుకూ అతుకుతుంది.

సీమశాస్త్రి: యెక్కి... సరే, తీసుకున్నాను.

కొత్తపలక: ఈ చంద్రశర్మ ఎవరండీ?

కంచుకాగడా: ఐతిహ్యం నాయనా. పతంజలి తెర వెనక నుంచి వెయ్యిమందికి పాఠం చెబుతుంటే, అడగకుండా బయటికి పోయిన శిష్యుడొకడు శాపం తగిలి బ్రహ్మరాక్షసుడయ్యాడు. చెట్టెక్కి కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను ‘పచ్’ (వండు) ధాతువుకు నిష్ఠారూపం, అంటే ‘వండిన’ అనే అర్థమిచ్చే రూపం అడిగేవాడు. ‘పక్తం’ అన్నవాణ్ణి తినేసేవాడు. చంద్రశర్మ ‘పక్వం’ అని బతికిపోయాడు, పైగా పతంజలి వ్యాకరణ గ్రంథం మహాభాష్యమంతా చెప్పించుకున్నాడు. తన నెత్తురుతోనే ఆకుల మీద రాసుకుంటే కొన్ని ఆకులు మేక మేసేసిందట! ఆ రాక్షసుడే గౌడపాదులనీ, చంద్రశర్మే తరువాత శంకరుల గురువు గోవిందభగవత్పాదులయ్యారనీ చెబుతారు. అసలు కామెడీ ఆ మేకది, శాస్త్రిగారు దాన్నే వదిలేశారు.

గోదారిగట్టు: పైగా అందులో దయ్యం పంతులు, చదువుకునేవాడు నిక్షేపంగా బతికున్నాడు. సమస్యలో ఉన్న తమాషాను మేకకు మేపేశారు.

కొత్తపలక: నేనూ ప్రయత్నించాను, తప్పులుంటే దిద్దండి.

పట్టు విడని రాజు భుజముపై శవముతోఁ
బాఠశాలఁ జేర బాలలెల్లఁ
గథలు చెప్పు మనిరి, కదలిన పీనుఁగు
చచ్చి బడికి వచ్చెఁ జదువుకొనఁగ

కంచుకాగడా: విక్రమార్కుణ్ణి బడికి తెచ్చావు, సెబాసు! 1985లో దూరదర్శన్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’లో భుజాన బేతాళుణ్ణి మోసిన అరుణ్ గోవిల్ రెండేళ్ళు తిరిగేసరికి రాముడై వచ్చాడు. ఆ జుట్టు విరబోసుకున్న బేతాళుణ్ణి చూసి మా ఇంట్లో పిల్లలు భయపడకపోగా, కథ చెప్పమని టీవీ ముందు కూలబడేవారు.

పంతులమ్మ: బాబూ, మొదటి పాదంలో ‘ప’కు ‘భు’ యతి చెల్లదు. భుజం దించేసి ‘బరువైన శవముతోఁ’ అను. మోస్తున్నాడని దానంతటదే తెలుస్తుంది.

సీమశాస్త్రి: యతి సవరిస్తే ఈ చర్చలో ఇదే మేలైన పూరణ.

గోదారిగట్టు: ఆగండాగండి. నా దయ్యం మళ్ళీ చచ్చిందా అని నిలదీసినవారు ఈ పీనుగునెందుకు అడగరు? పీనుగు చావడమేమిటి?

సీమశాస్త్రి: శవం ముందే చచ్చింది, బేతాళుడు అందులో దూరాడు. కాబట్టి ఇక్కడ ‘చచ్చి’ అన్నది జరిగిపోయిన పని. మీ దయ్యం చాకుపీసు సర్దుకున్నాక తీరిగ్గా చచ్చింది. కాలం చూసుకోవాలి మరి.

గోదారిగట్టు: దయ్యానిది భూతకాలం కాక ఇంకేం కాలమవుతుంది శాస్త్రిగారూ?