సెలూన్‌లో నా మాట వినిపించుకోని అన్నకి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఆంధ్రా సరిహద్దు పక్కనే. ఇక్కడ తెలుగు, ఒడియా రెండూ నడుస్తాయి, కాబట్టి భాష సమస్య కాదని ముందే చెప్తున్నా. మా వీధి చివర సెలూన్‌కి ఆరేళ్లుగా వెళ్తున్నా. నడిపే అన్న నాకంటే పదిహేనేళ్లు పెద్ద, మా నాన్నకీ ఆయనే కట్ చేస్తాడు.

ప్రతిసారీ ఒకటే కథ. "అన్నా, పక్కలు మెషిన్‌తో మూడో నంబరు, పైన కత్తెరతో కొంచెమే" అంటాను. "సరే తమ్ముడూ" అంటాడు. మెడకి గుడ్డ కట్టి, టీవీ వైపు చూస్తూ ఒకటో నంబరు తగిలించేస్తాడు. మూడో నంబరంటే దాదాపు 10 మిల్లీమీటర్ల జుట్టు మిగులుతుంది, ఒకటంటే 3. చెవి పక్కన బర్రుమని ఒక్కసారి పోయాక ఇంక ఆపి లాభమేముంది? మొన్న ఫోన్‌లో ఫొటో కూడా చూపించా. "నీ ముఖానికి ఇది నప్పదులే" అని తనకి నచ్చినట్టే కొట్టేసి, పైగా తలకి నూనె మర్దన ఫ్రీగా చేశాడు. దాంతో నాకు నోరు పెగల్లేదు.

వచ్చే నెల అక్క పెళ్లి. జుట్టు నెలకి సెంటీమీటరు పెరిగితే గొప్ప, ఈసారి పాడైతే పెళ్లి ఫొటోల్లో నాది గుండే. సరిహద్దు దాటి పాతపట్నంలో చేయించుకోవచ్చు, దగ్గరే. కానీ ఇంటికొచ్చే దారి ఆయన షాపు ముందునుంచే, చూస్తే చిన్నబుచ్చుకుంటాడు.

మెషిన్ ఆన్ చేయకముందే, ఆయన్ని నొప్పించకుండా ఎలా ఆపాలి? ఇలాంటివాళ్లతో వేగినవాళ్లు ఉంటే, మీరు ఏమన్నారో ఆ మాటలే చెప్పండి.