‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ సినిమాలో పాతిపెట్టిన యంత్రాల చిక్కుకు సమాధానం ఉందా?

హెచ్.జి. వెల్స్ నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1898) చదివి, దాని ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2005లో తీసిన చిత్రాన్ని కూడా చూసినవారు ఒక సందేహం తీర్చగలరని ఆశిస్తున్నాను.

నవలలో అంగారకవాసులు స్థూపాకారపు వాహనాల్లో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో దిగి, తమ మూడుకాళ్ల యంత్రాలను ఇక్కడే సమకూర్చుకుంటారు. భూమిపై అడుగుపెట్టడం వారికి అదే మొదటిసారి కనుక, చివరికి మన సూక్ష్మజీవులకు బలికావడం సహజంగానే తోస్తుంది. సినిమాలో మాత్రం ఆ యంత్రాలను ఎంతోకాలం క్రితమే భూగర్భంలో పాతిపెట్టి ఉంచారనీ, గ్రహాంతరవాసులు మెరుపులతో పాటు దిగివచ్చి వాటిలోకి చేరుతున్నారనీ పాత్రల నోట వినిపిస్తుంది. వీధి చీలి యంత్రం పైకి లేచే ఆ దృశ్యం అద్భుతమే, కాదనను. కానీ అంత ముందుచూపుతో వచ్చి వెళ్లినవారికి ఇక్కడి క్రిముల సంగతి అప్పుడే ఎందుకు తెలియలేదు? 1953లో బైరన్ హాస్కిన్ తీసిన చిత్రం కథను కాలిఫోర్నియాకు తరలించి, యంత్రాలను గాలిలో తేలేలా మార్చినా, ఈ తర్కం జోలికి పోలేదు.

దీనికి సినిమాలోనే నేను గమనించని సూచన ఏదైనా ఉందా? లేక దర్శకుడుగాని రచయితలుగాని ఎక్కడైనా వివరించారా? తెలిసినవారు ఆ సన్నివేశాన్నో, సంభాషణనో కచ్చితంగా పేర్కొంటూ చెప్పగలరు.