తీన్మార్ బీట్‌కి ఊపు రావట్లేదు, ఎవరైనా చెప్తారా?

అందరికీ నమస్తే. బీట్స్ చేయడం ఈమధ్యే మొదలుపెట్టాను. నా దగ్గర ఉన్నవి 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, మామూలు ఇయర్‌ఫోన్స్, ఎఫ్‌ఎల్ స్టూడియో (మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్) ట్రయల్. ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్ట్ మళ్లీ తెరవనివ్వదు కాబట్టి కూర్చున్నప్పుడే పూర్తిచేసి ఎక్స్‌పోర్ట్ చేసుకుంటున్నా.

140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు) ట్రాప్ బీట్, అంటే హిప్‌హాప్‌లో ఒక రకం, పర్వాలేదు, వస్తోంది. కానీ నాకు కావాల్సింది తీన్మార్. అక్కడే చిక్కు. స్టెప్ సీక్వెన్సర్‌లో (గళ్లు నొక్కి దెబ్బలు పెట్టే చోటు) బీటుకి మామూలుగా నాలుగు గళ్లుంటాయి, తీన్మార్ నడకకేమో మూడు కావాలి. పియానో రోల్‌లో (నోట్లు గీసే చోటు) స్నాప్‌ని, అంటే నోట్లు అతుక్కునే గ్రిడ్ గీతల దూరాన్ని, 1/3 బీట్‌కి మార్చి దెబ్బలు పెట్టాను. లెక్క కుదిరింది, ఊపు మాత్రం రాలేదు. మా వీధిలో బోనాలకి డప్పు మోగితే కాళ్లు వాటంతటవే ఆడతాయి, ఇది వింటే తల కూడా ఊగట్లేదు! వెలాసిటీలు (ఒక్కో దెబ్బ బలం) పెంచీ తగ్గించీ చూశా. దెబ్బల్ని గ్రిడ్ నుంచి కాస్త పక్కకి జరపాలా? లేక నిజం డప్పునే ఫోన్‌లో రికార్డ్ చేసి ముక్కలుగా కోసుకోవడం మేలా?

ఇంకో డౌట్. 808 బేస్ (ట్రాప్‌లో వాడే లోతైన బేస్ శబ్దం), డప్పు కలిసి మోగితే కింద అంతా బురదలా ఉంది. ఈక్యూలో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో సర్దేది) దేన్ని, ఎక్కడ కోయాలి? అసలు ఇయర్‌ఫోన్స్‌లో ఆ తేడా తెలుస్తుందా?

కొత్త ప్లగిన్ కొనమని మాత్రం చెప్పకండి అన్నా, ఇప్పట్లో కుదరదు.