ప్రార్థన అంటే నా కోరికల లిస్టేనా?

అందరికీ వందనాలు. ఒక డౌట్ అండి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్. మొన్న రాత్రి మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంటే ఫోన్ వైబ్రేట్ అయింది, ఒక కన్ను తెరిచి ఎవరు మెసేజ్ పెట్టారా అని చూసి మళ్లీ మూసేసి "పరిశుద్ధుడవైన తండ్రీ" అని కంటిన్యూ చేసేశా, తర్వాత నాకే సిగ్గేసింది. మేనేజర్ ముందు కూడా అలా చెయ్యను కదా. బైబిల్లో యెషయా 6వ అధ్యాయంలో దేవుని సన్నిధిలో ఉండే సెరాపులనే దూతలే ఆరు రెక్కల్లో రెండిటితో మొహం, రెండిటితో కాళ్లు కప్పుకుంటారు, యెషయా ప్రవక్త అయితే దేవుణ్ణి చూడగానే నా పని అయిపోయింది అనుకున్నాడు. నేనేమో ప్రమోషన్, ఇల్లు, ఆరోగ్యం అని చదివేసి ఆమెన్ అంటున్నా. అడగడం తప్పని కాదు, ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారం ఉంది, కానీ దానికన్నా ముందు నీ నామం పరిశుద్ధపరచబడాలి అని ఉందిగా, ఆ ముక్కే నేను స్పీడ్‌గా దాటేస్తా. ఇంకోటి, కాస్త భయం ఉండాలని లేవీయకాండము 10లో దేవుడు చెప్పని అగ్నితో ధూపం వేసి ఆయన ముందే చనిపోయిన యాజకులు నాదాబు, అబీహుల సంగతి చదివితే రెండ్రోజులు నోరే పెగల్లేదు, అది భక్తో వట్టి బెదురో తెలీట్లేదు. తండ్రీ అని చనువుగా పిలుస్తూనే భయభక్తులు పోకుండా మీరు ఎలా ఉంటున్నారు? "ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యి" అని మాత్రం చెప్పకండి, అది ఆల్రెడీ చాలామంది చెప్పేశారు.